కాలువ పరిగెత్తదు, పారుతుంది

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలను తిప్పలు పెట్టేవి పెద్ద పెద్ద పదాలని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది నిజం కాదు. పెద్ద పదం ఎదురైతే పిల్లలు నిఘంటువు తీసి అర్థం రాసుకుంటారు. వాళ్లు తడబడేది చిన్న తరగతుల్లోనే వచ్చేశాయనుకున్న క్రియల దగ్గర. ‘రన్’ అంటే పరిగెత్తడం అని బట్టీపట్టి, ఇక ఆ మాటతో పనైపోయిందనుకుంటారు.

మా ఊరు సంగంలో ఈ పాఠానికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. పెన్న నీళ్లు ఇక్కడినుంచే కనిగిరి రిజర్వాయరుకు వెళతాయి. పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజీ 2022 సెప్టెంబరులో మొదలైంది. నెల్లూరు నుంచి ఆత్మకూరు వెళ్లే రోడ్డు ఊరిమీదుగానే పోతుంది. ఇంగ్లీషులో కాలువా, రోడ్డూ, బస్సూ, మోటారూ అన్నీ ‘రన్’ అవుతాయి. మనకు కాలువ పారుతుంది, రోడ్డు పోతుంది, బస్సు తిరుగుతుంది, మోటారు ఆడుతుంది. కొట్టు నడుస్తుంది, ముక్కు కారుతుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది. “కాలవ పరిగెత్తడమేంది సార్?” అని పిల్లలు అడిగారంటే నాకు సంతోషం. అడిగినవాళ్లకు మాటకూ వస్తువుకూ ఉన్న పొత్తు తెలిసిపోయినట్టే.

ఈ క్రియ లోతు నిఘంటుకారులకు బాగా తెలుసు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ది. తర్వాతి సవరణల్లో ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఆ ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. అన్నేసి అర్థాలను ఏ పిల్లవాడూ కంఠస్థం చేయలేడు, చేయనక్కర్లేదు కూడా.

నేను నేర్పే పద్ధతి ఒకటే. ‘రన్’ కనిపించగానే అర్థం చెప్పమని అడగను, ‘ఏది?’ అని అడుగుతాను. నీళ్లా, యంత్రమా, వ్యాపారమా, మనిషా? అది తేలితే తెలుగు క్రియ తనంతట తనే నోటికొస్తుంది. ఆ తర్వాత పక్కన చేరిన చిన్న మాటను చూడమంటాను. ‘అవుట్’ చేరితే సరుకు అయిపోయింది, ‘ఇంటూ’ చేరితే దారిలో ఎవరో ఎదురుపడ్డారు, ‘ఓవర్’ చేరితే బండి ఎవరిమీద నుంచో పోయింది. దేశం మారినా వాడుక మారుతుంది. ఎన్నికల్లో అమెరికా అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్ అభ్యర్థి మన అభ్యర్థి లాగే నిలబడతాడు.

ఇది ఇంగ్లీషుకు మాత్రమే ఉన్న చిక్కు కాదు. మన ‘పట్టు’ సంగతి చూడండి. కుళాయి దగ్గర నీళ్లు పట్టాం, ఏట్లో చేపలు పట్టాం, మిల్లులో పిండి పట్టించాం, చంటిబిడ్డకు పాలు పట్టాం. ఇనుముకు తుప్పు పట్టింది, పనికి రెండు రోజులు పట్టింది. వీటిని మనకు ఎవరూ జాబితా రాసి అప్పజెప్పించలేదు. అమ్మ మాటల్లో విన్నాం, వాడాం, వచ్చేశాయి. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేసిన సి.పి. బ్రౌన్ కూడా అర్థం రాసి ఊరుకోకుండా, జనం మాట్లాడే వాడుకలను ఉదాహరణలుగా ఇచ్చాడు. క్రియ బతికేది వాక్యంలోనే అని గుర్తించిన పని అది.

మన బళ్లలో మాత్రం ఇప్పటికీ నోటుబుక్కు మధ్యలో గీత గీసి, ఇటు ఇంగ్లీషు మాట, అటు తెలుగు మాట రాయిస్తున్నారు. పేర్లకు అది చాలు, క్రియలకు చాలదు. తల్లిదండ్రులకూ తోటి టీచర్లకూ నా మనవి ఒకటే. ఈ వారం పిల్లల నోటుబుక్కు తీయండి. ‘రన్’ ఎదురుగా ‘పరిగెత్తు’ అని ఒక్కటే ఉంటే, దాని కింద మీ ఊరి కాలువ గురించి, బస్సు గురించి, కొట్టు గురించి తలా ఒక వాక్యం వాళ్లచేతే రాయించండి.