వానాకాలపు లెక్క

వీరులపాడు మండలంలో కారం గిర్ని పెట్టాలనుకునే వాళ్ల చేతికి ముందు మిషను కొటేషన్ వస్తుంది, చెవిన సబ్సిడీ శాతం పడుతుంది. ఈ రెంటినీ కలిపి కుట్టడానికి ఓ ప్రాజెక్టు రిపోర్టు ఉంటే చాలనుకుంటారు. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఎవరో ఒకరు పది పేజీలు సిద్ధం చేసి ఇస్తారు. పేరూ ఊరూ మారిస్తే అవే పేజీలు పక్క మండలం గిర్నికీ సరిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఏ ఊరికైనా సరిపోయే రిపోర్టులో మన ఊరి గురించి ఒక్క ముక్కా ఉండదు. ఆ ఒక్క ముక్క కోసమే దాన్ని చదివే మనిషి ఒకరున్నారు.

ఆ చదివేది ఎవరన్నది ముందు తేల్చుకోవాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం 2008 నుంచి నడుస్తోంది. 2022లో దీని కింద తయారీ యూనిట్ల వ్యయ పరిమితిని 25 లక్షల నుంచి 50 లక్షలకు పెంచారు. పంచాయతీ పరిధిలో యూనిట్ పెట్టే మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు 35 శాతం సబ్సిడీ. నందిగామ, జగ్గయ్యపేట వంటి మున్సిపల్ పట్టణాల్లో వాళ్లకే అది 25 శాతం. లెక్క సులువుగా ఉండేందుకు వీరులపాడులో ఓ మహిళ 10 లక్షల గిర్ని పెడుతోందనుకుందాం. ఆమె సొంతంగా పెట్టాల్సింది 50 వేలు, మిగతా 9.5 లక్షలు బ్యాంకు ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చే 3.5 లక్షలు ఆమె చేతికి రావు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా కదలకుండా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాకే అప్పులో జమవుతాయి. అంటే మొదటి రోజు నుంచీ సొమ్ము పెట్టేది బ్యాంకు. ఇంత చిన్న అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం కూడా ఉంది కాబట్టి, మేనేజరు ముందుగా చూసుకునే భరోసా ఆ కాగితాల మీది లెక్కే. మనం మాత్రం రిపోర్టును ప్రభుత్వానికి రాసినట్టు రాస్తాం. ఉపాధి, గ్రామాభివృద్ధి, మహిళా సాధికారత అని రెండు పేజీలు నింపుతాం. ఆ పుణ్యకార్యాలు పథకం ముందుమాటలో ఎప్పుడో ఉన్నాయి. వాయిదా ఎలా కడతారన్నదే మేనేజరుకు తెలియాల్సింది.

వాయిదా మాటకొస్తే మన మెట్ట ప్రాంతపు స్వభావం తెలిసిన రిపోర్టుకూ తెలియని రిపోర్టుకూ తేడా బయటపడుతుంది. ఇక్కడ మిర్చి కల్లాల మీదికి వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఇళ్లలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునేది, ఆవకాయలు పెట్టేది ఎండాకాలంలో. శ్రావణ భాద్రపదాలు వచ్చేసరికి గిర్నికి పని తగ్గుతుంది, రైతు చేతిలోని డబ్బు విత్తనాలకూ ఎరువులకూ పోతుంది. బ్యాంకు వాయిదాకు మాత్రం వానాకాలం, ఎండాకాలం ఉండవు. ధర సంగతి ఇంకా చిత్రం. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. రెండేళ్లలో ఇంత ఊగిన సరుకుకు ఐదేళ్లపాటు ఒకే ధర వేసి, ఏటా లాభం పది శాతం పెరుగుతుందని రాస్తే దాన్ని కాకిలెక్క అనాలి. దారి సంగతీ అంతే. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర విజయవాడ–హైదరాబాద్ రహదారి మీద రాకపోకలే ఆగిపోయాయి. సరుకంతా ఆ దారినే పోతుందని రాసేవాళ్లు నాలుగు రోజుల నిల్వకు చోటెక్కడో కూడా రాయాలి.

ఇన్ని కష్టాలు మనమే రాసిస్తే మేనేజరు బెదిరిపోడా అని అడుగుతారు. ఈ ప్రాంతంలో పంట రుణాలిచ్చే బ్యాంకుకు మిర్చి ధర పడుతుందన్న సంగతి కొత్త కాదు. దాని గురించి మాట్లాడని రిపోర్టు చూస్తే ఈ మనిషికి వ్యాపారం తెలియదన్న అనుమానం వస్తుంది. పని తగ్గిన నెలల్లో పసుపు, ధనియాలు పట్టిస్తామనో, ఎండాకాలపు రాబడిలో ఇంత వాయిదాల కింద పక్కన పెడతామనో, కాయ చౌకగా ఉన్నప్పుడు ఇన్ని క్వింటాళ్లు కొని పెట్టుకుంటామనో అంకెలతో రాస్తే ఆ కష్టానికి జవాబు కూడా అదే పేజీలో దొరుకుతుంది. అంకెలు పెంచి రాస్తే లాభమేనన్న నమ్మకమూ తప్పే. వర్కింగ్ క్యాపిటల్ ఎక్కువ చూపితే, మూడేళ్లలో ఒక్కసారైనా ఆ పరిమితిని పూర్తిగా వాడాలని పథకం నిబంధన. వాడకం చాలకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఎంత బాగా రాసినా సిఫార్సు ఉన్నవాడిదే గెలుపు, రాతకు విలువెక్కడిదని. పలుకుబడి పనిచేయదని నేను అనను. కానీ దాని దారి కొంత ఇరుకైంది. దరఖాస్తులను వడపోసే జిల్లా టాస్క్‌ఫోర్స్ కమిటీ దశను 2020 ఏప్రిల్‌లో తీసేశారు. ఇప్పుడు జిల్లా పరిశ్రమల కేంద్రం గానీ ఖాదీ సంస్థలు గానీ పరిశీలించి నేరుగా బ్యాంకుకు పంపుతాయి. చెప్పించుకునే చోటు ఒకటి తగ్గిందంటే కాగితం తన బలం మీద తాను నిలబడాల్సిన చోటు పెరిగినట్టే. సిఫార్సు ఫైలును బల్ల మీదికి తేగలదేమో గానీ, మూడో ఏడాది వాయిదా కట్టలేదు.

మరి చదువు అంతంతమాత్రమైన వాళ్లు ఇదంతా ఎలా రాస్తారు? ఈ ప్రశ్న న్యాయమైనదే, ప్రభుత్వమూ ఒప్పుకున్నదే. 2020లో మొదలైన సూక్ష్మ ఆహారశుద్ధి పథకంలో దరఖాస్తుదారుకు రిపోర్టు తయారీలో సాయపడేందుకు జిల్లా రిసోర్స్ పర్సన్లను పెట్టారు. రుణం మంజూరైన ఒక్కో దరఖాస్తుకు వాళ్లకు 20 వేలు. మంజూరైనప్పుడు సగం, రిజిస్ట్రేషన్లు, శిక్షణ వంటివి పూర్తయ్యాక మిగతా సగం. మంచి ఏర్పాటే. కానీ ఆ చెల్లింపు గిర్ని తెరిచే దాకా వచ్చి ఆగుతుంది, గిర్ని ఐదేళ్లు నడవడంతో దానికి సంబంధం లేదు. అందుకని రాత ఇంకొకరికి అప్పగించినా లెక్క అప్పగించకూడదు. నోటుబుక్కులో పన్నెండు నెలలకు పన్నెండు గీతలు గీసి, ఏ నెల ఎన్ని క్వింటాళ్లు వస్తాయి, తొడిమా తాలూ పోను ఎంత పొడి దిగుతుంది, కరెంటుకెంత, కూలికెంత, వాయిదాకెంత అని తెలుగులోనే వేసుకోవచ్చు. ఇంటి ఖర్చు రాసుకునే వాళ్లెవరికైనా ఇది చేతనైన పనే. దాన్ని ఇంగ్లిష్ పట్టికగా మార్చే పని మాత్రమే బయటివాళ్లది.

ఆ పన్నెండు గీతల్లో ఆగస్టు, సెప్టెంబరు గీతలు ఎంత కదిపినా సరిపోలేదంటే అది రాతలో లోపం కాదు. అప్పుడు తగ్గించాల్సింది గిర్ని పరిమాణాన్నే. 10 లక్షలది 6 లక్షలకు దించుకోవాలి, లేదా సరుకు మార్చుకోవాలి. 35 శాతం వస్తుందన్న ఆశ మనతో వేయించని లెక్క ఇది. దీన్ని వేసుకున్న మనిషికి బ్యాంకు సరేనంటే రిపోర్టు గెలిచినట్టు. వేసుకుని ఇప్పుడే వద్దనుకున్న మనిషికైతే, ఆ రిపోర్టు మేనేజరు బల్ల దాకా వెళ్లకుండానే ఓ అప్పును తప్పించినట్టు.