చెప్పి వెళ్లాలా, చెప్పకుండానా?

సీలేరు దాటితే ఒడిశా. గంజాయి మూటలు మోసేవాళ్లకు ఆ హద్దు లెక్కలోకి రాదు, వెంటపడ్డ పోలీసులకే వస్తుంది. నిజానికి చట్టం అడ్డు చెప్పదు. వారెంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ నిందితుణ్ని దేశంలో ఎక్కడిదాకానైనా తరమవచ్చని పాత సీఆర్‌పీసీ 48వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 45 కూడా అదే అంటోంది.

క్రైమ్ బీట్ చూసినన్నాళ్లూ నన్ను పట్టుకున్నది మాత్రం హద్దు దాటేముందు ఎస్సై పడే గుంజాటన. అవతలి స్టేషన్‌కు చెబితే జీపు కన్నా ముందే కబురు ఊరు చేరొచ్చు. చెప్పకుండా మఫ్టీలో, అద్దె కారులో వెళ్లి మనిషిని ఎక్కించుకుంటే ఊరు ఊరంతా కిడ్నాప్ అనుకుని చుట్టుముడుతుంది. అప్పుడు వచ్చి విడిపించాల్సింది, తాము నమ్మక దాటేసి వచ్చిన ఆ స్టేషన్‌వాళ్లే! చెయ్యి తిరిగినవాళ్లు పైస్థాయిలో మాట ముందే కానిస్తారు. స్టేషన్‌లో రిక్విజిషన్ లెటర్ ఇచ్చేది మాత్రం ఊళ్లోకి బయల్దేరే ముందు. ఇచ్చి, అక్కడి కానిస్టేబుల్‌ని బండెక్కించుకుంటారు. దారీ భాషా తెలిసినవాడు అతనే.

2019లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి అరెస్టులకు పద్ధతి చెప్పింది. స్థానిక పోలీసులకు తెలపాలి, తిరిగొచ్చేటప్పుడు వాళ్ల డైరీలో రాయించాలి. నా మట్టుకు ఈ డైరీ సంగతే ముఖ్యం. మనవాణ్ని ఎవరు తీసుకెళ్లారని వెతుక్కుంటూ వచ్చిన ఇంటివాళ్లకు చూపడానికి ఒక కాగితముంటుంది. మేజిస్ట్రేటు ముందుంచడానికి ఇచ్చిన 24 గంటల్లో ప్రయాణం లెక్కకు రాదు. ఘాట్ రోడ్డు మీద ఆ ప్రయాణం ఎంతైనా సాగదీయొచ్చు. అందుకే దగ్గరి కోర్టులో ట్రాన్సిట్ రిమాండ్ తీసుకోవడమే శుభ్రమైన పని.

తుపాకుల దగ్గర ఆంధ్ర, ఒడిశాలకు సఖ్యత ఎప్పుడో కుదిరింది. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో లాంచీపై మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది పోయారు. ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ కమాండోలే. 2016 అక్టోబరులో రామగూడ ఎన్‌కౌంటర్‌కు ఇరు రాష్ట్రాల బలగాలూ కలిసే వెళ్లాయి. అడవిలో అంతగా కలిసి నడిచే శాఖల్లో, సంతలో బైకు పోయిందని వచ్చిన గిరిజనుడికి 'మా లిమిట్స్ కాదు' అన్న జవాబు ఎందుకు దొరకాలి?

నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు రాసుకోవాల్సిందేనని 2024 జులై 1 నుంచి చట్టంలోనే ఉంది. జీరో ఎఫ్ఐఆర్ రాయడం వరకు సరే. తెలుగులో రాసిన ఆ కాగితం ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా స్టేషన్‌కు చేరాక కదలాలంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగాలి. ఆ నంబరు స్టేషన్ రిజిస్టర్‌లో ఉండదు, ఎస్సై సొంత సెల్‌లో ఉంటుంది. ఆయనకు బదిలీ అయితే ఆయనతోపాటే పోతుంది.