బెజవాడ విక్టోరియా జూబిలీ భవనం: మారిన ప్రయోజనాలు, మారిన పేర్లు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ భవనం పారిశ్రామిక ప్రదర్శనశాలగా మొదలై, జాతీయోద్యమ స్మృతిస్థలంగా పేరొంది, పురావస్తు ప్రదర్శనశాలగా స్థిరపడింది. ఈ మార్పులను సత్తెనపల్లి తాలూకాకు చెందిన అమరావతి శిల్పాల చరిత్రతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: విక్టోరియా జూబిలీ మ్యూజియం, బాపు మ్యూజియం, అమరావతి, సత్తెనపల్లి, రాబర్ట్ సీవెల్.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు సత్తెనపల్లి, బెజవాడ రెండూ కృష్ణా జిల్లాలోనివే. కనుక బెజవాడ భవనచరిత్రను కృష్ణకు దక్షిణాన ఉన్న అమరావతిని విడిచి చదవడం అసమగ్రమవుతుంది. ఈ రెండింటినీ కలిపే వ్యక్తి రాబర్ట్ సీవెల్. అతడు 1877లో అమరావతి స్తూపస్థలంలో తవ్వకాలు జరిపి, 1880లో నివేదిక ప్రకటించాడు. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887లో బెజవాడ భవనానికి శంకుస్థాపన చేసినవాడూ అతడే.

2. ప్రదర్శనశాల - స్థానం లేని శిల్పం:
పాశ్చాత్య, భారతీయ వాస్తురీతుల కలయికతో నిర్మితమైన ఈ భవనం తొలుత పారిశ్రామిక ప్రదర్శనలకు ఉద్దేశించినది. ఉత్పత్తులను చూపడం దాని పని. ప్రాచీనశిల్పాన్ని భద్రపరచడం కాదు. ఈ భేదం గమనింపదగినది. వాల్టర్ ఇలియట్ 1845లో వెలికితీసిన అమరావతి శిలాఫలకాలు 1859లో లండన్‌కు తరలిపోయాయి. జేమ్స్ బర్జెస్ 1881-82 తవ్వకాల తరువాత మరెన్నో ఫలకాలు మద్రాసు మ్యూజియం చేరాయి. అంటే జిల్లాలో ఒక ప్రదర్శనశాల వెలిసేనాటికే ఆ జిల్లా శ్రేష్ఠశిల్పం జిల్లా దాటిపోయింది. వలసపాలన దృష్టిలో స్థానికనగరం సరకును చూపే చోటు. కళను చూపే చోటు రాజధాని. ఈ విభజనకు జూబిలీ భవనం నిలువెత్తు సాక్ష్యం.

3. స్మృతిస్థలం:
1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. ఆ సందర్భంలో పింగళి వెంకయ్య జాతీయపతాక నమూనాను గాంధీజీకి సమర్పించాడు. ఆ సమర్పణ ఈ భవనంలోనే జరిగిందన్నది స్థానికంగా స్థిరపడిన స్మృతి. రాణి పేరిట వెలిసిన కట్టడం ఆమె సామ్రాజ్యాన్ని ధిక్కరించిన పతాకానికి జన్మస్థలంగా గుర్తుండిపోవడంలో ప్రజల వ్యాఖ్యానం ఉంది. గోడలు మారలేదు, వాటి అర్థం మారింది.

4. పురావస్తు ప్రదర్శనశాల:
1962లో పురావస్తుశాఖ అధీనంలోకి వచ్చాక భవనం మూడవ ప్రయోజనాన్ని పొందింది. నాణేలు, ఆయుధాలు, బిద్రీ పాత్రలు, శిల్పాలు ఇందులో చేరాయి. నాటి కృష్ణా జిల్లాలోని అల్లూరు బుద్ధవిగ్రహం వీటిలో ప్రసిద్ధం. అమరావతి శిల్పసంప్రదాయపు పరిధిలోని ఈ విగ్రహం తన నేలకు దగ్గరలోనే నిలవడం విశేషం. 1887లో లోపించిన కర్తవ్యాన్ని ఈ దశ కొంతవరకు పూరించింది.

5. పేరు - ప్రయోజనం:
2020లో ఇది బాపు మ్యూజియంగా మారింది. వలసచిహ్నాన్ని తొలగించి, 1921 స్మృతిని ముందుకు తేవడం ఈ నామకరణంలోని బలం. అయితే మొదటి పేరు రాణిని గౌరవించింది, రెండవ పేరు మహాత్ముని గౌరవించింది. భవనం చేసిన పనిని ఏ పేరూ చెప్పదు. పైగా పాత పేరుతోపాటు 1887 నాటి ప్రదర్శనశాల చరిత్ర, సీవెల్ ద్వారా అమరావతితో గల సంబంధం మరుగయ్యే ప్రమాదముంది. వలసచరిత్రను విమర్శించాలంటే దాని ఆధారాలు కళ్లెదుట ఉండాలి. తుడిచివేసినదాన్ని ఎవరూ ప్రశ్నించలేరు.

6. ముగింపు:
నేడు అమరావతి, సత్తెనపల్లి పల్నాడు జిల్లాలో ఉన్నాయి; అమరావతి శిల్పంలో అధికభాగం చెన్నైలో, లండన్‌లో ఉంది. జిల్లాల సరిహద్దులు, భవనాల పేర్లు మారినప్పుడల్లా ఈ సంబంధాలు తెగిపోతూ వచ్చాయి. వాటిని తిరిగి కలపగల స్థానం జూబిలీ భవనానిది. అందులో వస్తువులకు కాలక్రమం ఎంత అవసరమో, భవనానికీ అంతే అవసరం. సరకులశాల, పతాకస్మృతి, శిల్పశాల అనే మూడు పొరలూ ఒకేచోట చదవగలిగినప్పుడే సందర్శకునికి భవనమే మొదటి ప్రదర్శితవస్తువు అవుతుంది.