ప్రామాణికం అంటే ఎవరికి?

కంచన్‌బాగ్‌లో రక్షణశాఖ లోహ పరిశోధనశాల ఉంది, మిశ్రమ లోహాలు తయారుచేసే మిధాని ఉంది. ఇక్కడ కాపురముండే నాకు ‘జర్నల్’ అన్నమాట ఇరుగుపొరుగు కబుర్లలోనే వినబడుతుంటుంది. ఆ రంగంలో జర్నల్‌కి రాసేవాళ్లు ఏ లోహం ఎంత పాళ్లు, ఎంత వేడి దగ్గర, ఎంతసేపు అన్నీ చెప్పాలి. అచ్చుకు ముందు ఆ విషయం తెలిసినవాళ్లు చదివి తప్పులు పట్టాలి. అదే సంగతి వారపత్రికలో వస్తే ఫలితం ఒక్కటే చెబుతారు. తేడా భాష కష్టంగా ఉండటంలో లేదు, చదివేవాళ్లకి సరిచూసుకునే దారి ఇవ్వడంలో ఉంది.

సాహిత్యంలో ఈ తేడాని హోదాగా మార్చేశారు. స్త్రీల పత్రికల మీద పనిచేసే అమ్మాయిలకు తరచూ ఎదురయ్యే మాట: “అవి పాపులర్ పత్రికలమ్మా, ప్రామాణికం కావు.” ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పత్రికలో చెప్పినదాన్ని నిరూపణగా తీసుకోవచ్చా అన్నది ఒకటి. ఆ పత్రిక తన కాలానికి సాక్ష్యమా అన్నది మరొకటి.

భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’లో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. తొలి తెలుగు కథ ఏదన్న ప్రశ్నను మళ్లీ తెరిచింది ఆ స్త్రీల పత్రిక పుటలే. వాటికి ఏ నిపుణుల ఆమోదముద్రా లేదు.

అలాగని పత్రికలో ఉన్నదంతా నిజమనీ కాదు. 1928లో ‘గృహలక్ష్మి’ని స్థాపించిన కె.ఎన్. కేసరి ఆయుర్వేద మందుల వ్యాపారి కూడా. అందులో స్త్రీల ఆరోగ్యం గురించి చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి. అప్పుడది ఆనాడు మన శరీరాల గురించి ఏం చెప్పారో చూపే సాక్ష్యమవుతుంది, వైద్య ప్రమాణం కాదు.

మరోవైపు జర్నల్ వేషాలున్నాయి. ఐఎస్ఎస్ఎన్ ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే, వారపత్రికకీ దొరుకుతుంది. ప్రమోషన్లకి వ్యాసాల లెక్క ముడిపెట్టాక, డబ్బు తీసుకుని సమీక్ష లేకుండా అచ్చేసే ‘అంతర్జాతీయ’ జర్నళ్లు పుట్టుకొచ్చాయి. వాటిని ఏరడానికి 2018లో ప్రకటించిన కేర్ జాబితాని యూజీసీ 2025లో రద్దు చేసింది. ఎంచుకునే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థలది, అంటే అక్కడ పాఠాలు చెప్పే మనది కూడా.

ప్రామాణికత పేరుతో మన పూర్వ రచయిత్రులను బయట నిలబెట్టనక్కర్లేదు, అభిమానంతో పరీక్ష మానుకోనూ అక్కర్లేదు. ఒక పాత పత్రిక గురించి రాసినప్పుడల్లా సంవత్సరం, నెల, సంచిక, పుట రాద్దాం. మన తర్వాత వచ్చే అమ్మాయి వెళ్లి తీసి చూసుకోవాలి, అవసరమైతే మనతో విభేదించాలి.