ముఖంలో మెలికల ధమని

పళ్లు గట్టిగా బిగించండి. దవడ వెనక భాగంలో ఒక కండ బిగుసుకుని చేతికి తగులుతుంది. దాని ముందు అంచు దవడ ఎముక కింది గట్టును కలిసే చోట చూపుడు వేలు మెత్తగా ఆనించి, బిగువు వదిలేయండి. వేలి కింద కొట్టుకునేది ముఖ ధమని. ఆపరేషన్ టేబుల్ మీద మనిషి చేతులు గుడ్డల కింద ఉండిపోతే, మత్తు డాక్టర్లు నాడి చూసుకునే చోట్లలో ఇదొకటి.

మెడలో బాహ్య కెరోటిడ్ నుంచి పుట్టిన ఈ ధమని దవడ కింది లాలాజల గ్రంథిని ఒరుసుకుంటూ వచ్చి, ఎముక అంచు ఎక్కుతుంది. పెదవుల మూల పక్కగా సాగి, ముక్కు వెంబడి కంటి లోపలి మూలకు చేరుతుంది. దారిలో కింది పెదవికొక కొమ్మ, పై పెదవికొక కొమ్మ, ముక్కు రెక్కకొక కొమ్మ ఇస్తుంది. దీని పనితనమంతా మెలికల్లో ఉంది. వెనకాలే వచ్చే సిర దాదాపు తిన్నగా పోతుంది. ధమని మాత్రం పాతకాలపు టెలిఫోన్ రిసీవర్ తీగలా వంకర్లు తిరుగుతూ పోతుంది. మనం ఆవులిస్తాం, ముద్ద మింగుతాం, బుగ్గలు పూరిస్తాం, పగలబడి నవ్వుతాం. అన్నిసార్లూ దవడా చెంపా సాగుతాయి, ముడుచుకుంటాయి. ఆ సాగుబాటుకు సరిపడా పొడవు ముందే మెలికల్లో దాచి ఉంటుంది కాబట్టి ధమని లాగుకుపోదు, నెత్తురు ఆగదు.

ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు చాలామంది చౌరాసియా అనాటమీ పుస్తకం మూడో భాగంలో ఈ ధమని బొమ్మ వేసి నేర్చుకుంటారు. శవచ్ఛేదన బల్ల దగ్గరికి వెళ్లాక అసలు తమాషా మొదలవుతుంది. ఒక ముఖంలో ధమని బొమ్మలో ఉన్నట్టే కంటి మూల దాకా పోతుంది. ఇంకొకరిలో ముక్కు రెక్క దగ్గరే ముగుస్తుంది. మరొకరిలో పై పెదవికి కొమ్మ ఇచ్చి అక్కడితో సరి. కొందరిలో కింది పెదవి దాటదు, లేదా దారంలా సన్నగా మిగిలిపోతుంది. కొందరిలో నాలుక ధమనీ ఇదీ ఒకే మొదలు నుంచి పుడతాయి. ఒకే మనిషి కుడి చెంపలో ఒక తీరు, ఎడమ చెంపలో ఇంకో తీరు ఉండటమూ మామూలే. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డిజియాత్ర కెమెరా పైరూపం చూసి మనల్ని పోల్చుకుని గేటు తెరుస్తుంది. ఈ లోపలి తేడా ఏ కెమెరాకూ ఆనదు, అద్దంలో మనకూ కనిపించదు.

ముఖ ధమని చెయ్యి ఎత్తేసిన చోట చర్మం ఎండిపోతుందా? లేదు. చెంప మీదుగా అడ్డంగా వచ్చే ధమని, కంటి కింది ఎముక రంధ్రంలోంచి వచ్చేది, కంటి ధమని కొమ్మలు ఆ పని పంచుకుంటాయి. ఈ సర్దుబాటు గర్భంలోనే జరుగుతుంది. ముఖం రూపు కట్టే తొలి వారాల్లో అక్కడ ఉండేది సన్నని నాళాల వల. నెత్తురు ఎక్కువగా పారిన దారి వెడల్పై ధమనిగా నిలుస్తుంది, పారని దారి పూడిపోతుంది. పాఠ్యపుస్తకాలు ఒక రూపాన్ని పెద్ద అక్షరాల్లో రాసి, మిగతా వాటిని 'వేరియేషన్స్' అని చివర చిన్న అక్షరాల్లో పెడతాయి. నాకిది కాస్త అన్యాయంగానే తోస్తుంది. ఆ పెద్ద అక్షరాల రూపం కూడా ఎక్కువగా కనిపించే ఒక వేరియేషనే కదా!

పెదవి సంగతి ప్రత్యేకం. పెదవి ధమని కండకీ లోపలి పొరకీ మధ్య నడుస్తుంది. కుడి ఎడమల నుంచి వచ్చినవి నడిమిలో కలిసిపోతాయి. అందుకే బైకు మీంచి పడి పెదవి చీలితే తెగిన రెండు కొసల నుంచీ నెత్తురు చిమ్ముతుంది. ఒక పక్కే నొక్కితే ఆగదు, చీలికకు రెండు వైపులా వేళ్ల మధ్య పట్టుకోవాలి. ఈ ధారాళమైన సరఫరా వల్లే ముఖం మీది గాయం త్వరగా మానుతుంది. కాలి మీది కుట్లకు రెండు వారాలు పట్టే చోట, ముఖం మీది కుట్లు ఐదారు రోజుల్లో తీసేస్తారు.

ఆ రెండు ధమనులూ కలవాల్సిన చోట పెదవే కలవకపోతే? ఊళ్లలో గ్రహణం మొర్రి అంటారు. గర్భిణి గ్రహణం చూడటం వల్ల వచ్చేదేమీ కాదది. ఆరు, ఏడు వారాల పిండంలో పై పెదవి ముక్కలు అతుక్కోకపోవడం. పూర్తిగా చీలిన పెదవిలో ధమని అటు దాటలేదు. చీలిక అంచు వెంబడే పైకి తిరిగి, ముక్కు రెక్క మొదట్లో అక్కడి నాళాలతో కలుస్తుంది. కండ కూడా దాని వెంటే దారి తప్పి ముక్కు మొదలును పట్టుకుంటుంది. సర్జన్ చేతికి దొరికేది పసిబిడ్డ పెదవి. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్నది పాత లెక్క. ముందు నీలి సిరాతో చుక్కలు పెట్టుకుంటారు. తర్వాతే మొద్దుబార్చే మందు ఎక్కిస్తారు, ఎందుకంటే మందుకు పెదవి ఉబ్బి కొలతలు మారిపోతాయి. ఎర్ర పెదవి అంచులో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఎదుట కూర్చుని మాట్లాడేవాళ్లకు తెలిసిపోతుంది.

ఈ పనిలో హైదరాబాద్‌కు సొంత ముద్ర ఉంది. అమెరికా సర్జన్ మిలార్డ్ 1955లో స్టాక్‌హోమ్‌లో చూపించిన కోత ఒంపుగా తిరిగి, పొట్టిబడ్డ పెదవిని కిందికి దించుతుంది. జర్మనీకి చెందిన ఫైఫర్ కోత అలలా సాగుతుంది, అల తిన్నగా అయ్యేసరికి పెదవి పొడవు పెరుగుతుంది. జీఎస్ఆర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ గోస్ల శ్రీనివాస్ రెడ్డి, ఆయన సహచరులు చీలిక లేని వైపు మిలార్డ్ కోత, చీలిన వైపు ఫైఫర్ కోత పెట్టి రెండింటినీ జత చేశారు. దాని పేరు అఫ్రోజ్ కోత. 796 మంది మీద కోత పద్ధతులను పోల్చి చూసిన వాళ్ల వ్యాసం 2008లో అచ్చయింది. రెండు దేశాల విద్యను ఒకే పెదవి మీద, ఏ వైపు దేనికి పనికొస్తుందో చూసి వాడటం నిజమైన పనివాడి లక్షణం. పుస్తకంలో బొమ్మ ఒక్కటే, చేతికి వచ్చే ముఖాలు ఎన్నో అని తెలిసినవాళ్లే ఇలా ఆలోచించగలరు.

ఆ ఎరుక లేనిచోట ఏమవుతుందో ముడతలు పూడ్చడానికి జెల్ ఎక్కించే ఫిల్లర్ సూదులు చూపిస్తాయి. ముఖ ధమని కొసలు కంటి ధమని కొమ్మలతో కలుస్తాయి. ముక్కు పక్క ముడతలోనో, కనుబొమల మధ్యనో ఎక్కించిన జెల్ పొరపాటున ధమనిలో పడితే, నెత్తురుకు ఎదురుగా తోసుకుపోయి కంటి రెటీనాకు వెళ్లే ధమనికి అడ్డం పడవచ్చు. అలా చూపు శాశ్వతంగా పోయినవాళ్లున్నారు. కాబట్టి సూది వేయించుకునే ముందు వేసేది అర్హత గల డాక్టరేనా, జెల్‌ను కరిగించే హయలురోనిడేజ్ దగ్గర ఉందా అని అడగండి. వేసిన వెంటనే చర్మం తెల్లబడినా, నొప్పి పెరిగినా, చూపు మసకబారినా మర్నాటి దాకా ఆగకండి. అక్కడికక్కడే చెప్పండి, కంటి డాక్టర్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి.