పదింతల ఆనందం ఎవరిది?

ఆర్థికశాస్త్రం చదివినోళ్లకి లయొనెల్ రాబిన్స్ పేరు కొత్త కాదు. 1938లో 'ఎకనామిక్ జర్నల్'లో ఆయన రాసిన చిన్న వ్యాసంలో ఒక కథ ఉంది. మాకు మాత్రం ఏ క్లాసులోనూ ఆ కథ చెప్పలేదు. ఇండియాలో పనిచేసే ఒక అధికారి బెంథామ్ సిద్ధాంతాన్ని బ్రాహ్మణుడికి వివరిస్తాడు. సుఖాల లెక్కలో ఏ మనిషీ ఇంకొకరికంటే ఎక్కువ కాదంటాడు. బ్రాహ్మణుడు ఒప్పుకోడు. అదుగో, ఆ అంటరానివాడికంటే ఆనందించే శక్తి తనకి పదింతలు ఉందంటాడు.

రాబిన్స్ ఆ బ్రాహ్మణుడి పక్షం కాదు. అయితే ఇద్దరిలో ఎవరి మాట నిజమో శాస్త్రం రుజువు చేయలేదనీ, సమానత్వం నైతిక భావన మాత్రమేననీ తేల్చాడు. మరుసటి ఏడాది కాల్డోర్ ఇంకో దారి తీశాడు. లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్లకి పరిహారం ఇవ్వగలిగితే చాలు, నిజంగా ఇవ్వాలా వద్దా అన్నది ఆర్థికవేత్త తేల్చే విషయం కాదట! (ఇవ్వగలగడం వేరు, ఇవ్వడం వేరని కూలోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.)

మా పేచీ ఆ కథతోనే. అధికారి మాట్లాడాడు, బ్రాహ్మణుడు మాట్లాడాడు, రాబిన్స్ తీర్పు చెప్పాడు. వేలెత్తి చూపించిన ఆ మనిషిని మాత్రం నువ్వేమంటావని ఎవరూ అడగలేదు. అడిగితే ఆనందం కొలతల గురించి చెప్పేవాడా, నీళ్ల గురించి చెప్పేవాడా?

రాబిన్స్ ప్రొఫెసర్‌గా ఉన్న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనే అంతకుముందు, 1923లో, అంబేద్కర్ డి.ఎస్సీ. తీసుకున్నారు. 1927లో మహద్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. అక్కడ అడిగింది హక్కు. సవర్ణులు కోర్టుకెక్కారు. అనాదిగా ఆ నీళ్లు తమకే చెందుతాయన్న ఆచారాన్ని వాళ్లు రుజువు చేయలేకపోయారని బొంబాయి హైకోర్టు 1937లో, రాబిన్స్ వ్యాసానికి ఏడాది ముందే, తీర్పిచ్చింది.