అట్ట లేని పుస్తకం

‘తులసిదళం’ని చిన్నప్పుడు నోట్సు పుస్తకం మధ్య దాచుకుని చదివాను. అట్ట కనిపిస్తే ఆడపిల్ల ఏం చదువుతోందో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. ఇప్పుడు కొత్వాల్‌గూడలో, దూరంగా విమానాల చప్పుడు వింటూ, దయ్యాల కథలు ఈ-రీడర్‌లో చదువుతున్నాను. దీనికి అట్ట లేదు. ఆ మేరకు స్వేచ్ఛే.

యండమూరి నవల ఈమధ్య మళ్లీ చదివితే భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. తులసి పసిపిల్ల. ఆమె శరీరాన్ని మధ్యన పెట్టుకుని వైద్యమూ మంత్రమూ వాదించుకుంటాయి. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో రేవతిది కాలేజీ అమ్మాయి పాత్ర. దయ్యం పూనాకే ఆమె గొంతు అందరికీ వినిపిస్తుంది. దయ్యం వదిలాక అంతా ఊపిరి పీల్చుకుంటారు. నన్ను బెదరగొట్టేది ఆ ప్రశాంతతే. బాణామతి చేస్తోందన్న అనుమానంతో ఆడవాళ్లని చంపిన నేల మనది. ఇక్కడ ఈ కథలు వట్టి కాలక్షేపం ఎలా అవుతాయి?

ఇక ఈ-రీడర్ సంగతి. నేనెక్కడ ఆగానో, ఏ వాక్యం కింద గీత గీశానో అది గుర్తుపెట్టుకుంటుంది. నెట్‌కి కలిపితే ఆ లెక్క కంపెనీకీ చేరుతుంది. అమ్మ కళ్లు కప్పగలిగాను గానీ దీని కళ్లు కప్పలేను.

ఆడదాని ఏకాంతానికి ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా. మన హారర్ ఇంకా రాయని కథ అదే. మనలో ఎవరు రాస్తారు?